పిట్టగోడ మీంచి నాలుగో కోర్టు

మే 3

ఈరోజు నుంచి నేను ఇరవై ఆరుమంది ఆడపిల్లలకు వార్డెన్ని. వాళ్ళలో ఒకతె నా కడుపున పుట్టింది. ఆ సంగతి మూడు వారాలపాటు మర్చిపోవాలట.

హాస్టలు రిజిస్టరు వేరే ఉంది. ఎవరికి జ్వరం, ఎవరి కాలికి బొబ్బ, ఎవరు పాలు సింకులో పారబోశారు, ఇవన్నీ దాంట్లో రాయాలి. పెద్ద కోచ్ రోజూ చూసి సంతకం పెడతాడు. ఈ నోటుబుక్కు ఎవరూ చూడరు కాబట్టి నిజాలన్నీ ఇందులో రాస్తాను.

మొదటి నిజం. పెద్ద కోచ్‌కి తన గొంతంటే ప్రాణం. నాకు గది తాళాలివ్వడానికి ముందు నలభై నిమిషాలు మాట్లాడాడు. "ఈ గేటు లోపల మీకు కూతురు లేదమ్మా. ఇరవై ఆరుగురూ సమానమే. ఆ అమ్మాయి కూడా మిమ్మల్ని వార్డెన్ గారూ అనే పిలవాలి. తల్లిదండ్రుల్ని నేను కోర్టు దరిదాపులకి రానివ్వను. వాళ్ళొస్తే పిల్లలు బంతిని చూడరు, అమ్మ మొహం చూస్తారు."

"భలే చెప్పారు సార్. అలాంటి తల్లుల్ని చూస్తే నాకూ ఒళ్ళుమంట" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. స్కూలు ఆఫీసులో పదిహేనేళ్ళు గుమాస్తాగా పనిచేసినదాన్ని, ఎవరికి ఏది వినాలనుందో కనిపెట్టలేనా? మా స్కూలుకు సెలవులు, వీళ్ళకు ఆడ వార్డెన్ కావాలి, మా చిట్టికి ఈ టెన్నిస్ క్యాంపులో చోటు కావాలి. అంతా కలిసొచ్చింది. క్యాంపు ఆఖర్న ఒక్క అమ్మాయిని ఏరుకుని ఏడాది పొడుగునా ఇక్కడే ఉంచి ఆట నేర్పుతారు. ఒక్కతంటే ఒక్కతె. ఆ ఒక్కతె ఎవరో నాకు ముందే తెలుసు. మిగతా ఇరవై ఐదుమందీ పాపం సరదాకి వచ్చారనుకుంటాను.

మే 4

హాస్టలు రెండంతస్తులు. పైన బట్టలారేసే డాబా. పిట్టగోడ దగ్గర నిలబడితే నాలుగో కోర్టు బేస్‌లైను అనే వెనక గీత సరిగ్గా నా ముక్కు కిందే ఉంది.

బట్టలారేయడం ఆరోగ్యానికి చాలా మంచిది.

మే 5

పొద్దున అయిదింటికి గంట కొట్టాను. ఇరవై ఆరు జతల సాక్సుల్లో పదిహేడు ఒంటరివి. ఒకమ్మాయి రాకెట్‌ను పక్కలో పెట్టుకుని పడుకుంది. ఇంకొకతె తన కుడి బూటు తప్పిపోయిందని ఏడ్చి ఊరంతా ఒకటి చేసింది, చూస్తే అది ఆవిడ గారి ఎడమ కాలికే ఉంది.

చిట్టి గదిలో రెండో మంచం ఒక చిన్న పిల్లది. ఎత్తు మూరెడు, కాళ్ళు ఒకచోట నిలవవు. అందరూ ఉడుత అంటారు. వాళ్ళమ్మ లారీ డ్రైవరట. రోజుకొక ఊరి నుంచి ఫోన్ చేస్తుంది, వెనకాల హారన్లు మోగుతుంటాయి. ఉడుత నన్ను చూసి, "వార్డెన్ గారూ, మీ చిట్టి భలే ఆడుతుందండీ" అంది. "నాకు చిట్టీ లేదు, పొట్టీ లేదు, అందరూ సమానమే" అన్నాను. పెద్ద కోచ్ ఆ పక్కనే వెళ్తున్నాడు.

తర్వాత ఆయన పిల్లల్ని నేలమీద కూర్చోబెట్టి రూల్సు చెప్పాడు. ఎక్కువ మ్యాచ్‌లు గెలిచిన నలుగురు సెమీఫైనలుకి, ఫైనలు గెలిచిన పిల్లకి ఆ ఏడాది చోటు. ఈ పోటీల్లో అంపైరు ఉండడు. ఎవరి వైపు పడ్డ బంతికి వాళ్ళే తీర్పరులు. గీత దాటి పడితే వేలెత్తి ఔటనాలి. ఏ మాత్రం అనుమానమున్నా అది లోపల పడ్డట్టే, పాయింటు అవతలి అమ్మాయిది. సిమెంటు కోర్టు కదా, బంతి పడ్డ గుర్తు కూడా మిగలదు. "మీ నోటిమాటే ఇక్కడ సాక్ష్యం" అని ఆయన గొంతు వణికించాడు.

ఇదంతా మాకు కొత్తేం కాదు. తొమ్మిదో ఏట నుంచీ చిట్టి ఆడిన ప్రతి పోటీలోనూ కంచె పక్కన నేనుంటాను. బంతి గీత దగ్గర పడితే అది నావైపు చూస్తుంది. నేను తలూపితే ఔటు. ఊపకపోతే కాదు. పరిగెత్తే పిల్లకంటే కదలకుండా నిలబడ్డ పెద్దవాళ్ళకి బాగా కనిపిస్తుంది కదా. దీన్ని మోసమనేవాళ్ళు అననీ. మిగతా తల్లులకు మాత్రం మెడలు లేవా?

మే 6

హాస్టలుకు బట్టలారబెట్టే మిషను కొన్నారు. ఎంత తడిసినవైనా అరగంటలో ఆరిపోతాయట. పెద్ద కోచ్ స్వయంగా మీట నొక్కి ప్రారంభోత్సవం చేశాడు. "ఇక మీకు డాబా ఎక్కే శ్రమ తప్పిందమ్మా" అన్నాడు.

ఎంత దయో.

మే 7

మిషను పాడైంది. ఎలా పాడైందో ఎవరికీ తెలియదు. నాకైతే అసలు తెలియదు.

మధ్యాహ్నం నుంచి మ్యాచ్‌లు మొదలయ్యాయి. చిట్టి నాలుగో కోర్టులో. నేను తువ్వాళ్ళు పట్టుకుని పైకి వెళ్ళాను. మొదటి గేమ్‌లోనే ఒక బంతి గీత పక్కన పడింది. చిట్టి తలెత్తి పైకి చూసింది. నా పిల్ల! ఇరవై ఆరు తువ్వాళ్ళ మధ్య నన్ను వెతికి పట్టుకుంది.

నా మెడ కాస్త పట్టేసినట్టుంది. అప్పుడప్పుడూ తల అదే ముందుకు ఊగుతోంది. చిట్టి 6-2, 6-1 తో గెలిచింది.

మే 8

మెడకు బామ్ రాసుకున్నాను. చిట్టి 6-3, 6-2.

మే 9

ఉడుతకు జ్వరం. నా గదిలోనే పడుకోబెట్టి తడిగుడ్డ వేశాను. మాత్ర మింగమంటే నాలుక కింద దాచి, నేను అటు తిరగ్గానే ఉమ్మింది. రెండు తగిలించి, నీళ్ళు తాగించి, మింగేదాకా దవడ పట్టుకున్నాను. సాయంత్రానికి జ్వరం దిగింది. "మా అమ్మ కూడా సరిగ్గా ఇలాగే కొట్టి మింగిస్తుందండీ" అని నవ్వింది. వాళ్ళమ్మ ఫోన్ చేస్తే, "ఇక్కడ వార్డెన్ గారు చాలా మంచివాళ్ళమ్మా, నువ్వేం బెంగపెట్టుకోకు" అంది.

చిన్నదే గానీ నోరు మంచిది. బ్యాక్‌హ్యాండు కూడా మంచిదే, అదే బాగాలేదు.

దీని జ్వరం గొడవలో డాబా ఎక్కడం గంట ఆలస్యమైంది. చిట్టి మొదటి సెట్టు పోగొట్టుకుంది. నేను పైకి వెళ్ళాక మిగతా రెండూ గెలిచింది. ఎండ తగ్గింది కదా, అందుకని.

మే 10

స్నానాల గది అద్దం మీద సబ్బుతో ఎవరో "ఔటమ్మ" అని రాశారు. పక్కనే వేలెత్తి నిలబడ్డ ఒక బొమ్మ. తలకు రెండు జడలు, నా పిల్లకున్నట్టే. బొమ్మ బాగానే వేశారు, టెన్నిస్ మానేసి ఆ పని చూసుకుంటే పైకొస్తారు. ఓడిపోయినవాళ్ళకి కడుపు మండటం మామూలే. తుడిచేశాను.

విశ్రాంతి గంటలో చిట్టి నా గదికి వచ్చింది. బయట ఎవరో ఉన్నారని, "వార్డెన్ గారూ, ప్లాస్టరు కావాలి" అంది గట్టిగా. లోపలికొచ్చి తలుపు దగ్గరకేసింది.

"అమ్మా, ఒకటి అడగనా?"

"గేటు లోపల అమ్మ లేదు."

"సరే, వార్డెన్ గారూ. నిన్న రెండో సెట్టు మూడో గేమ్‌లో మూలకి పడిన బంతి ఉంది చూడు, అది నాకు లోపల పడినట్టు కనిపించింది. పైకి చూస్తే నువ్వు తలూపావు. ఔటన్నాను."

"అయితే ఏంటి?"

"మరి నాకెందుకు లోపల పడినట్టు కనిపించింది?"

"పరిగెత్తేటప్పుడు కళ్ళు నిలకడగా ఉండవు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఒక్కసారి కాదమ్మా. చాలాసార్లు ఇలాగే అవుతోంది. నాకొకటి కనిపిస్తుంది, నువ్వు ఇంకోటి చెప్తావు." మంచం అంచున కూర్చుని కాలి బొటనవేలితో నేల గీకింది. "నా కళ్ళకేదో అయింది. నీకు చెప్తే భయపడతావని చెప్పలేదు."

ఆ క్షణంలో చెప్పడానికి నా దగ్గర ఒకే ఒక్క మాట ఉంది. అది చెప్పకుండా, "రేపు ఆదివారమేగా, కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను" అన్నాను. తల్లన్నాక పిల్లల ఆరోగ్యం చూసుకోవాలి. రిజిస్టరులో కూడా అలాగే రాశాను.

మే 11

కళ్ళ డాక్టరు దగ్గర గంటసేపు కూర్చున్నాం. చిట్టి గోడమీది అక్షరాలన్నీ చదివింది. ఆఖరి వరుస అయ్యాక ఆగకుండా, కింద అట్ట అంచున చీమల్లా అచ్చువేసిన కంపెనీ చిరునామా, ఫోన్ నంబరు కూడా చదివేసింది. డాక్టరు లేచి వెళ్ళి తన కళ్ళజోడు సర్దుకుని, అక్కడ నిజంగా నంబరుందా అని చూసొచ్చాడు.

"ఈ అమ్మాయికి నా కంటే నాలుగింతలు బాగా కనిపిస్తోందమ్మా. ఎందుకు తీసుకొచ్చారు?"

"మనసు ఊరుకోక" అన్నాను.

వేరే పిల్లయితే ఎగిరి గంతేసేది. ఇది తిరిగొచ్చే దారంతా ముఖం వేలాడేసుకుని నడిచింది. "అద్దాలు రాసిస్తారనుకున్నాను. పెట్టుకుంటే సరిపోయేది" అంది. నాలుగడుగులేశాక, "అయితే ఇది కళ్ళది కాదేమో. తలలో ఏమైనా తేడా ఉందేమో" అంది.

"తలా లేదు, తోకా లేదు. అలసట" అని ఐస్‌క్రీము కొనిపెట్టాను. సగం తిని పారేసింది.

మే 12

మెడ బాగానే ఉంది. బామ్ అయిపోయింది. చిట్టి 6-4, 6-4.

మే 13

మా ఆయన ఫోన్. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. పొద్దస్తమానం ఒక కంటికి భూతద్దం తగిలించుకుని చక్రాల మీద వంగి ఉంటాడు. కూతురు ఆడే ఆట ఎన్ని సెట్లో కూడా తెలియదు. ఎప్పుడూ ఒకటే పాట, "తింటోందా? నవ్వుతోందా?" అని.

డాక్టరు సంగతి చెప్పాను. పడీపడీ నవ్వాడు.

"దాని కళ్ళకేంటే? నా చేతిలోంచి స్క్రూ జారితే, చాప మీద పడ్డా గచ్చు మీద పడ్డా వెతికిచ్చేది అదేగా. ఎక్కడ పడిందో పడకముందే చెప్తుంది. దానికి కళ్ళు బాగాలేవని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు."

"మరి దానికెందుకొచ్చింది అనుమానం?"

లైను సరిగ్గా లేదని పెట్టేశాను. లైను బ్రహ్మాండంగా ఉంది.

మే 14

జంటగా చేసే సాధనలో చిట్టితో ఎవరూ నిలబడలేదట. ఉడుత ఒక్కతే వెళ్ళి నిలబడింది. భోజనాల బల్ల దగ్గర కూడా ఇటు ఉడుత, అటు ఖాళీ కుర్చీ. గరిటె పట్టుకుని వడ్డిస్తున్న వంటావిడ నా చెవిలో, "మీ అమ్మాయిని పిల్లలు వెలేశారండీ, ఏం జరిగింది?" అంది.

"పైకొచ్చేవాళ్ళకి స్నేహితులు తక్కువ" అన్నాను.

"అలాగా. నేను ఇక్కడ వంట మొదలుపెట్టి పదేళ్ళయింది. పైకొచ్చినవాళ్ళు కూడా పక్కనెవరైనా ఉంటేనే అన్నం తిన్నారు" అని ఆవిడ ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళింది. వంటావిడకి వంట చూసుకుంటే చాలదూ?

మే 15

కోర్టులు మార్చారు. చిట్టికి ఒకటో కోర్టు ఇచ్చారు, అది వంటింటి అవతల. డాబా మీంచి పొగగొట్టం తప్ప ఏమీ కనిపించదు. మిషను బాగుచేయించమని ఎవరైనా చెప్పి ఉంటే ఈరోజు వినేదాన్ని, ఇక తువ్వాళ్ళు ఆరేసి ఏం లాభం?

1-6, 0-6. ఓడించింది ఎవరో కాదు, కుడి బూటు ఎడమకాలికి వేసుకున్న మహానుభావురాలు.

నేను గదిలోకి పిలిచి తలుపేసి దులిపేశాను. "నిద్రపోతూ ఆడావా? ఆ అమ్మాయి చేతిలోనా?"

"తను కొట్టినవి సగం ఔటనిపించాయి" అంది చిట్టి, గోడకానుకుని.

"అనిపిస్తే ఔటనాలిగా!"

"నాకెలా తెలుస్తుందమ్మా? నాకు కనిపించేది తప్పు కదా. నువ్వు లేవు. ఏది చూసినా అనుమానమే. అనుమానమొస్తే అవతలివాళ్ళకి ఇచ్చెయ్యాలని రూలు. అన్నీ ఇచ్చేశాను."

గీత దాటి మూరెడు అవతల పడ్డవి కూడా ఇచ్చేసిందట. దానకర్ణుడు మా ఇంట్లో జడలు వేసుకుని పుట్టాడు.

ఇంకా ఏదో తిట్టబోయాను. అది నా వైపు చూసిన చూపులో కోపం లేదు. తప్పంతా తన కళ్ళదేనని, నాకు తలనొప్పి తెచ్చిపెట్టానని బాధపడుతోంది. అన్నం తినమని పంపేశాను.

మే 16

పెద్ద కోచ్ దగ్గరికి వెళ్ళి, ఎండలో పిల్లల చర్మం కమిలిపోతోందని, హాస్టలు నీడ పడేది నాలుగో కోర్టు మీదే కనుక ముఖ్యమైన ఆటలు అక్కడ పెడితే బాగుంటుందని చెప్పాను. "మీరు పిల్లల గురించి ఎంత ఆలోచిస్తారమ్మా" అని ఆయన పొంగిపోయాడు. నేను కూడా కాస్త పొంగాను.

మే 17

6-1, 6-0. నీడలో పిల్లలు ఎంత హాయిగా ఆడతారో.

మే 18

ఆదివారం. చిట్టి బయటికి రానంది. ఎందుకంటే తల దించుకుని, "ఊరికే" అంది. ఉడుత వచ్చి నా ముందు కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటూ అడిగింది.

"వార్డెన్ గారూ, మీరు ఎప్పుడూ మ్యాచ్ టైములోనే ఎందుకు బట్టలారేస్తారు? పొద్దున్న ఎండ బాగుంటుంది కదా."

చేతిలో కత్తెర పట్టుకుని అంత అమాయకంగా అడిగేవాళ్ళని ఏం చేస్తాం?

"మధ్యాహ్నం గాలి బాగుంటుంది" అన్నాను.

"ఓహో. మిగతా పిల్లలేమో ఇంకోటి అంటున్నారు. నేను నమ్మలేదులెండి. వార్డెన్ గారు అలాంటివారు కాదని దెబ్బలాడాను కూడా." మోచేతి మీద గీరుకుపోయిన చోటు చూపించింది. దానికి మందు రాశాను. ఎంతసేపు రాశానో, "చాలండీ, మంట లేదు" అని తనే చెయ్యి లాక్కుంది.

మే 20

సెమీఫైనలు. చిట్టి పదకొండుసార్లు పైకి చూసింది. నేను దుప్పట్లు మడతపెడుతున్నాను. మడతపెట్టేటప్పుడు ఎవరికైనా తల ఊగుతుంది. గెలిచింది.

రెండో సెమీఫైనలు ఉడుత గెలిచింది. తన వైపు పడ్డ బంతికి ఒక్కసారి కూడా వేలెత్తలేదు. అందకపోతే, "బాగా కొట్టావు" అంటుంది. ఇలా ఆడితే ఫైనలుకెలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

మే 22

గెలిచింది.

బంతి ఔటు.

మే 23, పొద్దున

నిన్నటి ఫైనలు సంగతి సరిగ్గా రాయలేదు. రాస్తాను. బంతి ఔటు.

చెరొక సెట్టు గెలిచారు. మూడోది చెరి ఆరు గేములతో సమానమై టై బ్రేక్‌దాకా వెళ్ళింది. కింద కంచె చుట్టూ పిల్లలంతా ఉన్నారు, పెద్ద కోచ్ బెంచీ మీద ఉన్నాడు. ఉడుతకి ఇంకొక్క పాయింటొస్తే ఆట అయిపోతుంది, ఆ ఏడాది చోటు దానిదే. ఉడుత బంతిని చిట్టి నెత్తిమీదుగా ఎత్తుగా లేపింది. చిట్టి వెనక్కి తిరిగి పరిగెత్తింది. బంతి నా ముక్కు కింద, బేస్‌లైను దగ్గర పడి ఎగిరిపోయింది.

చిట్టి పక్కనే ఉంది, బారెడు దూరంలో. వేలెత్తలేదు. పైకి కూడా చూడలేదు. కాసేపు గీత వంకే చూస్తూ నిలబడి, "నాకు తెలియట్లేదు" అంది. అంటే రూలు ప్రకారం పాయింటు ఉడుతది. ఆట అయిపోయినట్టే. పెద్ద కోచ్ బెంచీ మీంచి లేవబోయాడు.

ఉడుత నెట్ దగ్గరికి వచ్చేసింది. "అంత దగ్గరుండి తెలియకపోవడమేంటి? నాకు అరువు పాయింటు వద్దు. వార్డెన్ గారు సరిగ్గా దాని మీదే ఉన్నారు, ఆవిణ్ణి అడుగు."

"ఆవిడ మా అమ్మ."

"అయితే ఏంటి? ఆవిడ అబద్ధం చెప్పరు."

పెద్ద కోచ్ తలెత్తి చూశాడు. మూడు వారాల్లో ఆయన డాబా వంక చూడటం అదే మొదలు. చేతిలో తడి దుప్పటితో నేను. ఆయన మొహం ఎర్రబడింది, కానీ చిట్టి కూడా సరేనంది, ఇద్దరూ ఒప్పుకున్నాక ఆయనేమంటాడు? "చెప్పండమ్మా, ఎక్కడ పడింది?" అన్నాడు.

ఇన్నేళ్ళూ నేను తలూపానే గానీ నోరు తెరిచి ఎప్పుడూ చెప్పలేదు. తలూపితే ఇంట్లో సర్దిచెప్పుకోవచ్చు. ఇది నోటితో చెప్పాల్సింది.

"ఔటు" అన్నాను.

ఉడుత వెంటనే తలాడించి, "సరే, ఔటే" అని సర్వ్ చెయ్యడానికి వెనక్కి నడిచింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తర్వాతి మూడు పాయింట్లూ చిట్టివి. కంచె చుట్టూ ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఉడుత ఒక్కతే కొట్టింది.

బంతి గీత లోపల పడింది. జానెడు లోపల.

రాశాను. ఇప్పుడెలా కొట్టేస్తాను, ఇంకు పెన్ను.

మే 23, మధ్యాహ్నం

చేరికల కాగితం మీద తల్లి సంతకం కావాలని చిట్టి దాన్ని నా గదికి తెచ్చింది. నేను సంతకం పెడుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నేను ఉండనమ్మా. ఇంటికొచ్చేస్తాను."

"పిచ్చా నీకు? దీనికోసం కాదూ ఇన్నాళ్ళూ..."

"నిన్న ఆ బంతి నాకు లోపలే పడినట్టు కనిపించింది. బాగా లోపల. ఒట్టు. అయినా నన్ను నేను నమ్మలేదు, చూడు, మంచిదైంది. నువ్వు ఔటన్నావు." దాని గొంతు తేలిగ్గా ఉంది. "ఇన్నాళ్ళూ నేనేమైనా మోసం చేస్తున్నానేమో అని లోపల ఒకటే పీకుతుండేది. అందరూ ఔటమ్మ అంటుంటే నిజమేనేమో అనుకునేదాన్ని. నిన్న నువ్వు అందరి ముందూ గట్టిగా చెప్పావు కదా, అప్పుడు హాయిగా అనిపించింది. తప్పు నా కళ్ళదే, నేను దొంగని కాను." మళ్ళీ కాగితం వంక చూసింది. "కానీ ఏడాదంతా నువ్వు ఉండవు. నువ్వు లేకుండా ఏది ఎక్కడ పడిందో నాకెలా తెలుస్తుంది? నాకు భయంగా ఉంది."

నవ్వులాట కాదు, పిల్ల నిజంగానే వణుకుతోంది. పదమూడేళ్ళది. దూరంగా అట్ట అంచున ఉన్న చిరునామా చదవగలిగిన పిల్లని నేను గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టాను. నాలుగేళ్ళు కష్టపడి, క్యాంపులో వార్డెన్‌గా చేరి మరీ చేశాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

"చిట్టీ, ఆ బంతి లోపలే పడింది" అన్నాను.

"ఏంటి?"

"నువ్వు చూసిందే సరి. జానెడు లోపల పడింది. నేను చూశాను. చూసే ఔటన్నాను."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ముందు అది అడిగింది వేరు.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయా?"

"బాగున్నాయి."

"ఆ రోజు మూలకి పడింది?"

"లోపలే."

"డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందే నీకు తెలుసా?"

"తెలుసు."

అప్పుడు ఏడ్చింది. నేను దగ్గరికి తీసుకోబోతే మోచేత్తో తోసేసింది. కళ్ళు తుడుచుకుని కాగితం తీసుకుంది, సంతకం సగంలో ఉన్న కాగితం. "పెద్ద కోచ్ దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు రాకు. నేనే చెప్తాను" అంది. నేను చెప్పాల్సింది కదా అంటే, "నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారు?" అంది. వెటకారం లేదు, మామూలుగానే అంది.

మే 24

చోటు ఉడుతకిచ్చారు. వాళ్ళమ్మ లారీని గేటు ముందే ఆపి, దిగి పరిగెత్తుకొచ్చింది. ఉడుత నన్ను చూసి ఆగింది. ఎప్పుడూ ఆగని కాళ్ళు. చిట్టిని కౌగిలించుకుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

పెద్ద కోచ్ రిజిస్టరు తీసుకుని ఆఖరి సంతకం పెట్టాడు. నలభై నిమిషాలు మాట్లాడే మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

బస్సులో చిట్టి కిటికీ పక్క సీటులో కూర్చుంది, నాకూ దానికీ మధ్య బ్యాగు పెట్టుకుంది. తర్వాత బయటికి చూస్తూ, చిన్న గొంతుతో చదవడం మొదలుపెట్టింది. దూరంగా వస్తున్న లారీల నంబర్లు. మలుపు అవతల ఉన్న దుకాణం బోర్డు. కొండ మీది నీళ్ళ ట్యాంకు మీద రాసిన అంకెలు, నాకైతే అక్కడ ట్యాంకు ఉన్నట్టే తెలియలేదు. అవి దగ్గరికొచ్చేదాకా ఆగి, సరిచూసుకుని, ఇంకా దూరంగా ఉన్నదాన్ని వెతుక్కునేది.

ఇంటిదాకా చదువుతూనే ఉంది. ఒక్కదానికి కూడా నావైపు తిరిగి, అవునా అమ్మా అని అడగలేదు.